మా తమ్ముడికి వేసిన కుర్చీ

మా పుట్టినూరిలో ఇప్పుడు ఎవరిని అడిగినా ఒకే కథ చెబుతారు. మిలట్రీ నుంచి దిగి వచ్చిన మా తమ్ముడికి ఊరు చేయాల్సిన మర్యాదంతా చేసిందట, నెత్తిన పెట్టుకుందట. తుపాకీ పట్టిన చేతికి పార అలవాటు కాక వాడే చీనీ తోట, అదే బత్తాయి తోట, ఎండబెట్టుకుని కర్నూలు పోయి పని చూసుకున్నాడట. చెప్పడం అయ్యాక ఒక నిట్టూర్పు కూడా విడుస్తారు, పాపం అన్నట్టు.

ఇందులో మర్యాద చేశారన్న ముక్క ఒక్కటే నిజం. తక్కినది నేను ఒప్పుకోను. అసలు వాడి చేతికి తుపాకీ కంటే పానా ఎక్కువ అలవాటు. సర్వీసులో సగానికి పైగా వాడు చేసింది మంచు కొండల్లో ఆగిపోయిన లారీల కింద పడుకుని వాటిని బాగుచేయడం. ఇక పార సంగతంటారా, మీసాలు రాకముందే మా నాయనతో సమానంగా గుంతలు తవ్వినవాడు. తోట ఎండింది సేద్యం రాక కాదు. ఆ మర్యాద వల్లే ఎండింది. ఈ మాట అంటే జనం నన్ను అదోలా చూస్తారు. చూడనీ.

వేంపల్లెకు దగ్గరలో ఒక పల్లె మాది. నేను కర్నూల్లో జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. మా ఆయన ఫైర్ సర్వీసులో ఉన్నాడు. కాబట్టి దేశాన్ని కాపాడేవాడూ, నిప్పు నుంచి కాపాడేవాడూ ఇద్దరూ నా ఇంటివాళ్లే. ఏటా జెండా పండగకు మా కాలేజీలో పెట్టే వక్తృత్వపు పోటీలో పిల్లలందరూ ఒకే వాక్యం అంటారు, సైనికుడు సరిహద్దులో మేలుకుని ఉండబట్టే మనమిక్కడ హాయిగా నిద్రపోతున్నామని. కర్నూలు దోమల్లో హాయిగా నిద్రపోయేవాడిని నేనింకా చూడాల్సి ఉంది. జడ్జీల కుర్చీలో కూర్చుని నేను ఆ వాక్యానికి మార్కులు వేస్తూనే ఉంటాను. ఏం చేయను, అందరూ అదే అంటారు కదా.

తమ్ముడు రిటైరై వచ్చిన రోజు వేంపల్లె బస్టాండు నుంచి ఊరి దాకా ఊరేగింపు తీశారు. టాపు లేని జీపు, తప్పెట్లు, మెడ కనిపించనన్ని దండలు. ఊరి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాంట్లో ఎవరో కమాండో ఒంటికి మా తమ్ముడి తలకాయ అతికించి, చేతిలో ఇంత పొడుగు తుపాకీ పెట్టారు. వెనకాల మంటలు, హెలికాప్టరు.

జీపులోంచి వంగి వాడు నా చెవిలో అడిగాడు. "అక్కా, ఆ మనిషి ఎవురు?"

"నువ్వేరా."

"నాకు అంత రొమ్ము యాడుండాది?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజే ఆ ఫ్లెక్సీ పీకించి ఉండాల్సిందనిపిస్తుంది. ఊరు ఆ తర్వాత మాట్లాడింది ఆ ఫ్లెక్సీలో మనిషితోనే. మా తమ్ముడితో కాదు. ఎవరింటికి పోయినా, "ఎంతమందిని కాల్చినావప్పా?" అని అడిగేవాళ్లు. వాడు నవ్వి ఊరుకునేవాడు. అబ్బ, ఎంత అణకువో చూడండి అనుకునేవాళ్లు. నిజం చెప్పొచ్చు కదా అని నేను కోప్పడితే, "టైర్లు మార్చినానంటే ఎవురింటారక్కా? వాళ్ల మొగాలు చిన్నబోతాయి" అన్నాడు. ఎండ నెత్తి పగలగొట్టే మే నెలలో కూడా వాడికి శాలువాలే కప్పారు. ఆ వేడికి ఒళ్లంతా పేలి, పడుకునేటప్పుడు మరదలు వీపుకు పౌడరు రాసేది.

మా ఆయన ఆ శాలువాలను ఒక్కొక్కటే మడత పెట్టి ట్రంకు పెట్టెలో సర్దాడు. ఆయన మోచేతి మీద కాలిన మచ్చ ఒకటుంది. ఆత్మకూరు దిక్కు ఒక పల్లెలో గడ్డివాములు అంటుకున్నప్పుడు అయింది. ఆ రోజు వీళ్ల బండి పోయేసరికి జనం తిట్లతో ఎదురొచ్చారట. "అంతా బూడిదైనంక వస్తిరే, ఇంగేం పీకుతారు?" అని. సందులో ఎద్దులబండ్లు అడ్డం. జనం చేతుల్లో సెల్‌ఫోన్లు, వీడియోలు తీస్తూ. ఈయన బండి దిగి వాళ్ల కంటే పెద్ద గొంతుతో, "ముందు ఆ బండ్లు తియ్యండ్రా, నన్ను తర్వాత తిడుదురు!" అని అరిచాడట. తిట్టుకుంటూనే తీశారు. పక్క వాముకు అంటుకోకుండా ఆర్పి వచ్చాడు. చేయి కాలిందేమిటని ఒక్కరూ అడగలేదు.

"మీకూ ఒక శాలువా కప్పి ఉంటే బాగుండేది కదా" అన్నాను, పెట్టె మూత వేస్తున్న మనిషితో. ఆయన "ఏమో. ఒకటైతే వద్దనను" అన్నాడు. మళ్లీ తనే, "కానీ దండ వేసినోళ్లను బండి తియ్యండ్రా అని అరిచే దానికి నోరొస్తుందా?" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు సరిగ్గా ఎక్కలేదు.

తమ్ముడు ఊరేగింపు దండలు వాడకముందే పనిలో దిగాడు. మా నాయన వదిలిపోయిన చేనులో చీనీ మొక్కలు నాటాడు. పిల్లల్ని సాకినట్టు సాకాడు. మోటరు కాలిపోతే తనే విప్పి తీగ చుట్టుకునేవాడు. చెట్లు మొదటి కాపుకు వచ్చిన ఏడు, కాయలు గోలీలంత ఉన్నప్పుడు, బోరు ఎండిపోయింది. మా దిక్కు అది వింతేమీ కాదు. అలాంటప్పుడు ట్యాంకర్లతో నీళ్లు తోలి వానలు పడేదాకా చెట్లను బతికించుకుంటారు. ట్యాంకరు మా చేనికి పోవాలంటే మా చిన్నాయన చేనిలో నుంచే పోవాలి. చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. తాతల కాలం నుంచి అక్కడ బండ్లబాట ఉంది. అటు పక్క వంక, అంటే వాగు, అన్నీ బండరాళ్లు, ట్రాక్టరు దిగదు.

ఆ ఏడే చిన్నాయన తన చేనులో డ్రిప్పు పైపులు వేయించి, ఆ బాటకు అడ్డంగా రాతి కూసాలు నాటి ముళ్లతీగ లాగాడు. ట్యాంకరు పోతే పైపులు నలుగుతాయని ఆయన భయం. ఆయనా అప్పు చేసే వేయించాడు, కాదనను. ఆయన రాక్షసుడని చెప్పడానికి నేనిది రాయడం లేదు. ఊరేగింపులో జీపు ముందు నడిచిందీ, మొదటి దండ వేసిందీ ఆయనే.

తమ్ముడు రెండుసార్లు ఒంటరిగా అడిగి చూశాడు. చూద్దాంలే, చూద్దాంలే అన్నాడాయన. చెట్ల ఆకులు ముడుచుకుంటున్నాయి. నేను ఫోన్లో, "తాసీల్దారుకు అర్జీ పెట్టు, లేకపోతే స్టేషన్‌కి పో" అన్నాను.

"నేను స్టేషన్ మెట్లెక్కితే ఊరేమనుకుంటాదక్కా?"

"నీ చెట్లు ఎండితే ఏమనుకుంటుంది?"

కాలేజీకి సెలవు పెట్టి నేనే బయలుదేరాను. పెద్దమనుషుల్లో పెడదామని ఒప్పించాను.

మా ఊళ్లో పంచాయితీ అంటే పాలకేంద్రం ముందర, రేకుల కింద. సాయంత్రం పాలు పోయడానికి అందరూ వస్తారు కాబట్టి వేరే పిలవక్కర్లేదు. అక్కడొక పద్ధతి ఉంది. తీర్పు చెప్పేవాళ్లు కూర్చుంటారు, అడిగేవాళ్లు నిలబడతారు. కలిగినవాడైనా, లేనివాడైనా, తనకేదైనా కావాలంటే ఆ రేకుల కింద నిలబడి అడగాల్సిందే. నిలబడినవాడు గొంతు పెంచొచ్చు, తిట్టొచ్చు, ఏడవొచ్చు, దుమ్మెత్తి పోయొచ్చు. ఎవరూ తప్పు పట్టరు. మాజీ సర్పంచీ, ఇంకో ఇద్దరు ముసలివాళ్లూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఎదురుపార్టీ కాబట్టి చిన్నాయన నిలబడే ఉన్నాడు. తమ్ముడు కూడా పోయి నిలబడ్డాడు.

చిన్నాయన వాడిని చూసి, "ఏందిరా అబ్బోడా, నువ్వు నిలబడుకుంటే ఎట్ల? ఊరి మర్యాద ఏంగావాల?" అన్నాడు. పాలకేంద్రంలోకి పోయి తనే ఇంకో కుర్చీ తెచ్చాడు. దాని మీద పాల చుక్కలేవో ఎండి ఉంటే భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. పెద్దమనుషుల పక్కన వేశాడు. "కూచ్చో నాయనా."

తమ్ముడు మొహమాటపడ్డాడు. అందరూ కూచ్చో, కూచ్చో అన్నారు. కూర్చున్నాడు. మాజీ సర్పంచి వాడి మోకాలు తట్టి, "చెప్పప్పా. దేశానికి కాపలా కాసినోడివి. ఈ బాట తగాదా నీకొక లెక్కనా? ఎట్లజేస్తే బాగుంటాదో నువ్వే తీర్పు చెప్పు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "వాడు తీర్పు చెప్పేదేంది? వాడు అడిగే దానికి వచ్చినాడు. బాట ఇడుస్తారా, ఇడవరా? అది చెప్పండి."

చిన్నాయన నాకు నిజంగానే రెండు చేతులూ జోడించాడు. "పాపా, నీ నోటికో దండం. వాడు అడగలా, నువ్వు అడుగుతాండావు. వాడు అడిగితే నేను కాదంటానా? అడగమను."

పాల క్యాన్లు పట్టుకున్నవాళ్లతో సహా అందరూ మా తమ్ముడి వైపు తిరిగారు. వాడు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఫోటోకి కూర్చున్నట్టు నిటారుగా ఉన్నాడు.

"మీ పైపులు ఏమైతాయో అని గదా చిన్నాయనా మీ బాధ. ఈ వానలు పడినంక చూద్దాంలే. అంతవరకు నేను ఎట్లో ఒకట్ల నీళ్లు మోసుకుంటా."

"చూస్తిరా!" అన్నాడు మాజీ సర్పంచి. "అదీ, మిలట్రీ మనిషంటే!" ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నేనేదో అనబోతే చిన్నాయన దగ్గరికొచ్చి మెల్లగా, "అంత పెద్దమనిషికి అక్కవి, నువ్విట్ల రచ్చ జేస్తే తలవంపులు వానికే గదమ్మా" అన్నాడు. ఎవరి నోటికీ జంకని నేను అప్పుడు మూసుకున్నాను. వాడి పరువు నా నోటికి కూడా ముళ్లతీగ లాగింది.

ఇంటికి పోయేటప్పుడు దారిలో అడిగాను. "ఎందుకట్ల అంటివిరా?"

"ఆ కుర్చీలో కూచ్చున్నంక ఏం అడగల్లక్కా? నోరు రాలా."

ఆ ఎండాకాలం వాడు మోటారుసైకిలుకు అటొకటి ఇటొకటి క్యాన్లు కట్టుకుని వంకలో రాళ్ల మీదుగా నీళ్లు మోశాడు. సెలవుల్లో పోయి నేనూ మోశాను. ఒక పాదుకు పోసి రెండో పాదు దగ్గరికి పోయేసరికి మొదటిది పొడినేల అయ్యేది. ఎదురుపడినవాళ్లు ఆగి, "మీ బావ ఫైరింజను తెప్పియ్యప్పా!" అని నవ్వేవాళ్లు. ఒక్కరూ కూసాల మాట ఎత్తలేదు. కాయలు ముందు రాలాయి. తర్వాత ఆకులు రాలాయి. వానలు పడేసరికి పొయ్యిలోకి పనికొచ్చే కట్టె మిగిలింది.

ఇప్పుడు తమ్ముడు కర్నూల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి గేటు దగ్గర సెక్యూరిటీ. మొదటిసారి చూడబోయినప్పుడు నా ప్రాణం ఉసూరుమంది. ఎవరో ఆటోవాడు గేటుకు అడ్డం పెట్టి వీడితో వాదిస్తున్నాడు. "నువ్వేమన్నా కలెక్టరువా?" అంటున్నాడు. వీడు ఈల వేసి, చేయి చూపించి, వాడి కంటే గట్టిగా, "అంబులెన్సు వస్తాంది, ముందు తియ్యప్పా!" అని అరిచాడు. తీసేదాకా వదల్లేదు. నన్ను చూసి నవ్వాడు. "ఈడ శానా బాగుండాదక్కా" అన్నాడు. నేను ఏడుపు ఆపుకుని తెచ్చిన క్యారియరు వాడి చేతిలో పెట్టాను.

సైన్యానికీ, ఫైర్ సర్వీసుకూ ప్రత్యేక గౌరవం ఎందుకని అడిగే మనిషిని కాను నేను. మంచులో లారీ కింద పడుకున్నవాడికీ, చేయి కాల్చుకున్నవాడికీ ఎంత చేసినా తక్కువే. కానీ మనిషిని ఎత్తు మీద కూర్చోబెట్టి, ఎత్తు మీద ఉన్నవాడు చేయి చాపకూడదంటే, ఆ ఎత్తు ఎందుకు? ఈ మాట ఊళ్లో అంటే, కర్నూలు పోయి చదువు ఎక్కువైందంటారు. మా తమ్ముడితో అంటే, "ఇడిసిపెట్టక్కా" అంటాడు.

ఆగస్టు పదిహేనుకు ఊరి బడిలో జెండా ఎగరేయడానికి ఇప్పటికీ వాడినే పిలుస్తారు. వాడు డ్యూటీ మార్చుకుని పోతాడు. పోయినసారి నేనూ పోయాను. చిన్నాయనకు చూపు మందగించింది. తడుముకుంటూ వచ్చి శాలువా కప్పి, వాడి బుగ్గలు రెండూ నిమిరాడు. "మా వంశానికే పేరు తెచ్చినాడు" అన్నాడు అందరితో. ఆయన కళ్లల్లో నీళ్లు. నేను పక్కనే ఉన్నాను, అవి దొంగ నీళ్లు కావు. బడి గోడ అవతల కొంచెం దూరంలో ఆ రాతి కూసాలు కనిపిస్తూనే ఉన్నాయి.

ఆయన పోయేలోపల ఒక్కసారి, మేమిద్దరమే ఉన్నప్పుడు, అడగాలని ఉంది. అడిగితే నిజం చెబుతాడో లేదో తెలియదు. ఆయనకైనా తెలుసో లేదో. చిన్నాయనా, ఆ పొద్దు ఆ కుర్చీని నువ్వు తువ్వాలుతో తుడిచి వేసింది మా తమ్ముడి మీద గౌరవంతోనా, లేక వాడు అందులో కూర్చుంటే ఇక అడగలేడని తెలిసేనా?