గడప దాటని జీతగాడు

మొన్న మా మనవరాలు కాలేజీలో చదవమన్నారని ఒక అమెరికా నవల తెచ్చుకుని, నల్లవాడైన పాపానికి ఒక నిర్దోషికి కోర్టులో శిక్ష వేసిన ఘట్టం దగ్గర ఆగిపోయి, అంతమంది అబద్ధమాడుతుంటే జడ్జికి తెలియదా తాతా అని కళ్లనీళ్లు పెట్టుకుంది. తెలియకేం తల్లీ అందామనుకునేలోపే నా మనసు నంద్యాల కోర్టు ముందున్న నాపరాళ్ల అరుగు మీదికి వెళ్లిపోయింది.

అప్పుడే లా పాసై మా మేనమామ దగ్గర జూనియరుగా చేరాను. అంటరానితనం నేరమని చట్టం వచ్చిన కొత్తలు. మా తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, చట్టం వచ్చిందని మురిసిపోయామే గానీ అది పల్లెల్లోకి ఏ బస్సెక్కి వస్తుందో ఎవరమూ అడగలేదు. ఆళ్లగడ్డ పక్క పల్లెలో ఒక పెద్ద రైతు, దేవుని గదిలో పెట్టెలో ఉన్న కాసులపేరు పోయిందని తన జీతగాడి మీద కేసు పెట్టాడు. జీతగాడు ఊరి బయటి గేరిలో ఉండే హరిజనుడు, కొత్తగా పెళ్లయినవాడు. ఆ ఉగాదికి జీతం మానుకుని రైలుకట్ట పనికి పోతానన్నాడు, వాడు చేసిన నేరమంతా అదేనని ఊరందరికీ తెలుసు.

జీతగాడి తరఫు వకీలైన మామకు మాత్రం దిగులే లేదు. జీతగాడు చిన్ననాటి నుంచి ఆ ఇంటి గొడ్ల కొట్టం దాటి ఎరగడు. వాని సత్తుతట్ట కొట్టం చూరులో దోపి ఉండేది, సంగటి పైనుంచే వేసేవాళ్లు, నీళ్లు దోసిట్లోకి ఎత్తి పోసేవాళ్లు. గడప తొక్కనివ్వని మనిషి దేవుని గదిలో పెట్టె ఎట్లా తీస్తాడు? "ఈ దిక్కుమాలిన ఆచారమే రేపు వాణ్ని కాపాడుతుంది, చూడు అల్లుడూ" అని మామ నవ్వాడు.

మరునాడు సాక్షి బోనులో నిలబడిన రైతును మామ అదే అడిగాడు. ఆయన రెప్పైనా వేయకుండా, "అదేం మాట సామీ! వాడు మాకు బిడ్డ మాదిరి. మా ఇంట్లో యాడికైనా పోతాడు, దేవుని గదిలో దీపం గూడా పెడతాడు. అంటూ గింటూ మా ఊర్లో యాడుండాది?" అన్నాడు. తర్వాత వచ్చిన సాక్షులందరూ అదే పాట పాడారు. అంటు ఉందంటే చట్టం తమను పట్టుకుంటుంది, లేదంటే వాణ్ని పట్టుకుంటుంది, ఎంత సుళువు! "గడప తొక్కింటే నన్ను బతకనిచ్చేటోళ్లా సామీ?" అని జీతగాడు అరిస్తే బంట్రోతు గద్దించి నోరు మూయించాడు. అంతమంది పెద్దమనుషులు అబద్ధమాడరని నమ్మిన మేజిస్ట్రేటు తీర్పునాడు ఆరు నెలల జైలు వేశాడు.

అంతకంటే ఘోరం బయట చూశాను. పోలీసులు తీసుకుపోతుంటే జీతగాడు దాహమన్నాడు. వాని భార్య కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది. "పాపం, నీళ్లు తాగనియ్యండప్పా" అంటూ ఆ రైతే తన చెంబు పట్టుకుని ముందుకొచ్చాడు. జీతగాడు అలవాటు చొప్పున వంగి, బేడీల చేతులతోనే దోసిలి పట్టాడు. రైతు చెంబును భుజం దాకా ఎత్తి, వాని చేయి తగలకుండా ధారగా పోశాడు. బిడ్డ మాదిరి అన్న నోరూ, ఆ చేయీ ఒక్క మనిషివేనా! మామ మేజిస్ట్రేటును పిలుచుకొద్దామని లోపలికి పరుగెత్తాడు, ఆయన భోజనానికి వెళ్లిపోయాడట. మామ తిరిగొచ్చేసరికి నాపరాళ్ల మీద చిందిన నీళ్లు కూడా ఎండిపోయాయి.

జైలు నుంచి వచ్చాక జీతగాడు భార్యను తీసుకుని ఎటో వెళ్లిపోయాడని విన్నాను. ఇప్పుడు ఆళ్లగడ్డ బస్టాండులో అందరూ ఒకరి పక్కన ఒకరు నిలబడి ఒకే రకం కాగితపు కప్పుల్లో టీ తాగుతున్నారు, చూస్తే సంతోషమే, కాదనను. అయినా మొన్న మా మనవరాలు కళ్లు తుడుచుకుని, "మన ఊర్లో ఇట్లాంటివి లేవు గదా తాతా?" అన్నప్పుడు నాకు ఆ రైతే గుర్తొచ్చాడు. ఆనాడు బోనులో విన్న మాటే ఇది. ఈ పసిదాని నోటనైనా అది నిజమైతే ఎంత బాగుండును! పుస్తకం మూసి ఇట్లా వచ్చి కూర్చో తల్లీ అని, ఆ చెంబు సంగతి చెప్పడం మొదలుపెట్టాను.