ఐదు రాళ్ల తూకం

నిన్న పొద్దున మా చెల్లెలు అనిత తన ఎనిమిది నెలల కొడుక్కి పెట్టడానికి అంగన్‌వాడీ సెంటర్‌లో ఇచ్చిన పిండి పొట్లం కత్తిరించింది. వేయించిన గోధుమలు, శనగపప్పు, చక్కెర కలిసిన ఆ కమ్మటి వాసన మా అమ్మ ఇంటి వరండాలో పేపరు చదువుకుంటున్న నా దాకా వచ్చింది. కదిరిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే నలభై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషిని, పేపరు మడిచి పక్కన పెట్టి, పిల్లిలా వంటింట్లోకి పోయి నిలబడ్డాను.

"ఏమక్కా, నీకూ కలపల్లనా రెండు ముద్దలు?" అని నవ్వింది అనిత.

కలపమన్నాను. సిగ్గెందుకు? అనంతపురంలో రైలు పట్టాలకు అవతల మా కాలనీలో పెరిగిన ఎవరిని అడిగినా చెబుతారు, ఆ పిండిని వేన్నీళ్లతో ముద్ద చేసి అరచేతిలో పెడితే వేళ్ల సందుల్లో మిగిలింది కూడా నాకేవాళ్లమని.

మాది కుందుర్పి పక్క పల్లె. వరసగా చెనక్కాయ పంటలు ఎండిపోయాక నాయన ఎద్దులను అమ్మేసి, అమ్మనూ అవ్వనూ నన్నూ వెంటబెట్టుకుని ఈ ఊరొచ్చాడు. ఆయన మార్కెట్ యార్డులో మూటలు మోసేవాడు. అమ్మ చెనక్కాయల మిషనులో పుచ్చులు ఏరేది; సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె తల, కనుబొమలు, రైక భుజాలు అన్నీ ఎర్రటి పొట్టు దుమ్ముతో ఒకే రంగులో ఉండేవి. రాతి బండలు నిలబెట్టి పైన రేకులు కప్పిన ఇళ్లు మావి. ఆషాఢంలో గాలి మొదలైతే రేకుల మీద బరువుకు పెట్టిన బండరాళ్లు కూడా కదిలేవి, సంగటి ముద్దలో ఇసుక కరకరమనేది, ట్యాంకరు దగ్గర వరసలో పెట్టిన ప్లాస్టిక్ బిందెలు గాలికి దొర్లుతుంటే మేం వాటి వెంట పరుగెత్తేవాళ్లం. ఉగాదికి ఓళిగలు కాలుతున్న వాసన, పీర్ల పండగకు నిప్పుల గుండం చుట్టూ తప్పెట్లు, క్రిస్మస్‌కు మూడిళ్ల అవతలి నుంచి స్టీలు డబ్బాలో వచ్చే నిప్పట్లు, కజ్జికాయలు: మాకు అన్ని పండగలూ మావే, ఎవరింట పొయ్యి వెలిగితే వాళ్లింట్లో మేం హాజరు.

ఆ నిప్పట్లు పంపేది గ్రేసమ్మ టీచరు. మా కాలనీ సెంటర్ ఆమెది. సెంటర్ అంటే ఒకే ఒక బండల మిద్దె గది. కానీ నా కళ్లకు అది అప్పట్లో జిల్లా కలెక్టరు బంగళా కంటే పెద్దది. గోడల మీద నెమలి, ఏనుగు, అ ఆలు. మూలన ఒక ఇనుప ట్రంకు పెట్టె, అందులో చెక్క బొమ్మలు, చిరిగి అతికించిన కథల పుస్తకాలు. పొద్దున తల్లులు కూలికి పోతూ పిల్లలను అక్కడ దించి పోయేవాళ్లు. ఆయా లింగమ్మ పెద్ద గుండిగలో ఉప్మా కలుపుతుంటే ఆవాల చిటపటలు వీధి చివరి దాకా వినిపించేవి. శుక్రవారం తల్లుల మీటింగు. ఆ రోజు ప్రతి ఇల్లాలూ కొంగున పిడికెడు బియ్యమో రాగులో అలసందలో కట్టుకొచ్చి తలుపు పక్కన ఉన్న మట్టికుండలో పోసేది. ఎవరింట పొయ్యి వెలగలేదో గ్రేసమ్మ టీచరుకు ఎలా తెలిసేదో తెలిసేది, కుండ నిశ్శబ్దంగా ఆ ఇంటికి పోయి ఖాళీగా తిరిగొచ్చేది. తినడానికే సరిపోని వాళ్లు తినలేని వాళ్లకోసం పిడికెళ్లు తీయడం ఏమిటని అప్పుడు అనిపించలేదు.

అన్నింటికంటే నన్ను కట్టిపడేసింది మాత్రం కాటా. నెలలో మొదటి బుధవారం తూకం రోజు. మిద్దె దూలానికి ఒక ఇనుప కొక్కెం, దానికి గుండ్రటి ముల్లు కాటా, కాటా కింద కాళ్లు దూర్చడానికి రెండు బొక్కలున్న గుడ్డ నిక్కరు. చంటిపిల్లలను చొక్కా విప్పి అందులో కూర్చోబెట్టి వదిలితే గాల్లో వేలాడుతూ ఒకడు ఏడ్చేవాడు, ఒకతి నవ్వేది, ఒకడు కింద నిలబడ్డ వాళ్లను తడిపేవాడు. మొదట్లో తల్లులు ఒప్పుకోలేదట. యార్డులో మూటను తూసినట్టు బిడ్డను తూస్తే దిష్టి తగలదా అని గొడవ. దానికి లింగమ్మ మార్గం కనిపెట్టింది. దిగిన ప్రతి బిడ్డకూ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి బయట పొయ్యిలో వేసేది. చర్చికి పోయే గ్రేసమ్మ టీచరు ఆ కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఆగి, ఘాటుకు రెండు తుమ్ములు తుమ్మి, అప్పుడు కలం తీసేది.

ప్రతి బిడ్డకూ ఒక కార్డు. అందులో మూడు రంగుల దారులు: పైన పచ్చది, నడుమ పసుపుపచ్చది, అడుగున ఎర్రది. టీచరు తూకం చూసి ఒక చుక్క పెట్టేది. పచ్చదారిలో ఉంటే మంచిది. ఎర్రదారిలో పడితే ఆ బిడ్డకు పిండి రెండింతలు, రోజూ గుడ్డు, ఇంటికి టీచరు రాకపోకలు. అయినా లేవకపోతే పెద్దాసుపత్రి.

నాకు ఎనిమిదేళ్లప్పుడు అనిత పది నెలల పిల్ల. వానాకాలంలో విరేచనాలు పట్టుకుని చిక్కిపోయి, మళ్లీ తేరుకోలేదు. దాని చుక్క రెండు నెలలుగా ఎర్రదారిలోనే ఉంది, గీతకు వెంట్రుకవాసి కింద. "ఈ తూరి గూడా లేయకపోతే పెద్దాసుపత్రిలో పెట్టల్లక్కా" అని టీచరు అమ్మతో అనడం నేను విన్నాను.

పెద్దాసుపత్రి అంటే నాకు ఒకటే తెలుసు. అంతకు ముందు ఏడాది మా అవ్వను రిక్షాలో అక్కడికి తీసుకుపోయారు, అవ్వ తిరిగి రాలేదు. పోయేముందు నా చేతిలో చెయ్యేసి, "వచ్చినాంక ఆడుకుందాం పాపా" అంది. మా ఇద్దరి ఆటా అచ్చనగాయలు. మా పల్లె వంకలో అవ్వ ఏరి తెచ్చిన ఐదు గుండ్రాళ్లు ఉండేవి నా దగ్గర, పెద్ద ఉసిరికాయలంత, నున్నగా, ఒకదానికి తెల్లచార. ఒకటి పైకెగరేసి, అది కిందపడేలోపు నేల మీదవి ఊడ్చి పట్టడంలో కాలనీలో నన్ను మించినవాళ్లు లేరు. గొప్ప చెప్పుకోవడం కాదు, నిజం.

తూకం రోజు పిల్లలను తెచ్చేది సగానికి సగం మాలాంటి అక్కలే, అమ్మలు పనికి పోతారు కాబట్టి. పుష్యమాసం, చలిగాలి కోస్తోంది. అనితకు అమ్మ బొంతగుడ్డతో కుట్టిన మందపాటి చొక్కా ఉంది. ముందురోజు సాయంత్రం దాని అంచు విప్పి, అవ్వ ఇచ్చిన ఐదు రాళ్లనూ లోపల పేర్చి, దూరం దూరంగా కుట్లు వేశాను. నా చెల్లెలు ఆ ఆసుపత్రికి పోకూడదు, అంతే.

"టీచరమ్మా, పాపకు జలుబు. చొక్కా ఇప్పొద్దని మా అమ్మ చెప్పింది" అన్నాను.

అమ్మ అలా చెప్పలేదు. గ్రేసమ్మ టీచరు బయటి గాలి చూసింది, అనిత కారుతున్న ముక్కు చూసింది, సరేనంది. ముల్లు కదిలి ఆగింది. చుక్క గీత దాటి పసుపుపచ్చ దారిలో పడింది. లింగమ్మ చప్పట్లు కొట్టింది. సాయంత్రం అమ్మ ఆ కార్డును కళ్లకద్దుకుని, నా నోట్లో బెల్లం ముక్క పెట్టింది. అంత చేదు బెల్లం నేను మళ్లీ తినలేదు.

తర్వాత జరగాల్సిందే జరిగింది. పిల్ల గట్టెక్కిందని గుడ్డు ఆగింది, రెండింతల పిండి ఒకింత అయింది. అవి ఎర్రదారిలో ఉన్న ఇంకో బిడ్డకు పోయాయి. రోజులు గడిచేకొద్దీ అనిత ఏడవడం తగ్గించింది. అమ్మ అది మంచిదనుకుంది. పగలంతా దాన్ని చంకలో మోసేది నేను. అది తేలికవుతున్నట్టు నా చంకకు తెలుస్తూనే ఉంది. రాళ్లను చూస్తే భయమేసి, పాడుపడిన బావిలో పారేశాను.

సాయంత్రాలు సెంటర్ మెట్ల మీద ఆడపిల్లలం ఆడుతుంటే గ్రేసమ్మ టీచరు లోపల రిజిస్టర్లు రాసుకునేది. ఒకరోజు కలం పక్కన పెట్టి నన్ను పిలిచింది.

"ఏమే పద్దూ, నాలుగు దినాల్నుంచి చూస్తాండా, ఆటకు కూసోకుండా ఉండావు. నీ రాళ్లు యాడబోయినాయి?"

"పారేసినా."

"మీ అవ్వ ఇచ్చినవి గదా. పారేసేంత పనేమొచ్చె?"

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బహుశా అబద్ధం చెప్పి తప్పించుకునేదాన్ని. ఆమె ఊరికే, రాళ్ల గురించే అడిగింది. అంతే, నాకు ఏడుపు ముంచుకొచ్చి, చొక్కా, కుట్లు, ఆసుపత్రి, అవ్వ, అన్నీ ఎక్కిళ్ల మధ్య చెప్పేశాను.

టీచరు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. చెప్పులు కూడా తొడుక్కోకుండా మా ఇంటికి నడిచి, ఉయ్యాలలో నిద్రపోతున్న అనితను ఎత్తుకొచ్చి, చొక్కా విప్పి కాటాకు వేసింది. చుక్క ఎర్రదారిలో చాలా లోతుకు పోయింది.

అమ్మ పని నుంచి వచ్చేదాకా టీచరు పాపతో మా గడపలోనే కూర్చుంది.

"అక్కా, పోయిన తూరి తూకం తప్పినట్లుండాది. పాపను రేపే పెద్దాసుపత్రికి తీసకపోదాం. నేను తోడొస్తా."

"ఆడికి పోయిన మా యత్త తిరిగొచ్చెనా టీచరమ్మా?" అంది అమ్మ.

"మీ యత్తను ఆలస్యంగా తీసకపోయినారు. ఈ బిడ్డను తొందరగా తీసకపోదాం."

తెల్లారి వాళ్లు వెళ్లారు. ఆ తర్వాతి పన్నెండు రోజులు నేను చూసింది ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాదు. ఎవరు ఎవరికి చెప్పారో, ఎప్పుడు మాట్లాడుకున్నారో తెలియదు. వీధిలోని ఆడవాళ్లు వంతులు వేసుకుని ఒక్కో పూట పనులు మానుకుని ఆసుపత్రిలో అమ్మకు తోడుగా కూర్చున్నారు. లింగమ్మ రెండు పూటలా సంగటి ముద్దలు, నంజుకోవడానికి ఊరుబిండి తెచ్చి నాకూ నాయనకూ పెట్టింది. ట్యాంకరు వచ్చినప్పుడు మా బిందెలు ఎవరో నింపి గడప ముందు పెట్టిపోయేవాళ్లు. తలుపు పక్కన ఉండే ఆ మట్టికుండ మా ఇంటికొచ్చింది. ట్యాంకరు దగ్గర బిందెల కోసం జుట్లు పట్టుకునే ఆడవాళ్లే వీళ్లంతా! మా నాయన మాట తక్కువ మనిషి, కుండలోని గింజలను చేత్తో అటూ ఇటూ కదిపి, "ఎన్ని ఇండ్లయి గలిసినాయో సూడు పాపా" అన్నాడు. రాగులు, కొర్రలు, బియ్యం, అలసందలు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి.

అనిత ఆసుపత్రిలో ఉండగానే ఆఫీసు నుంచి తనిఖీ చేసే మేడమ్ వచ్చింది. తల్లులందరి ముందూ, పిల్లల ముందూ గ్రేసమ్మ టీచరును నిలబెట్టింది.

"ఎర్రలో ఉన్న పిల్లను పసుపులో చూపిస్తావా? ఆ పిల్లకేమన్నా అయివుంటే ఎవరు జవాబు చెప్పేది? ఇన్నేళ్లుగా చేస్తున్నావు, కాటా చూడడం రాదా నీకు?"

నేను పలక పట్టుకుని వాకిలి దగ్గర ఉన్నాను. నోరు తెరిచాను కూడా. టీచరు తలెత్తి ఒక్కసారి నా వైపు చూసింది. "చొక్కాతోనే తూకం ఏసినా మేడమ్. తప్పు నాదే" అంది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపిందో లేదో నాకు ఖచ్చితంగా గుర్తులేదు. ఊపిందనే ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను, అలా అనుకుంటేనే నాకు కాస్త ఊరట. నోరు మూసుకున్నాను.

అనిత ఇంటికొచ్చింది. బుగ్గలు ఇంకా రాలేదు కానీ గట్టిగా, వీధంతా వినబడేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని లింగమ్మ పరుగున మిరపకాయలు తెచ్చి దిష్టి తీసింది. ఆ వారమే గ్రేసమ్మ టీచరు నన్ను పిలిచి ఒక గుడ్డమూట చేతిలో పెట్టింది. విప్పితే ఐదు గుండ్రాళ్లు. ఎండిన పెన్న ఇసుకలో ఏరిందట.

"ఇవి ఆడుకునేదానికి. తూకానికి గాదు" అంది. నవ్వలేదు, కానీ కళ్లు నవ్వాయి.

నిన్న పిండి తిన్నాక అనిత, నేను, అమ్మ కలిసి బిడ్డను ఎత్తుకుని సెంటర్‌కు పోయాం. తూకం రోజు. గదికి టైల్స్ వేశారు, నెమలి మీద కొత్త రంగు పడింది. నేల మీద పెట్టే పలకలాంటి మిషను వచ్చింది, అంకెలు ఎర్రగా వెలుగుతాయి, కొత్త టీచరు వాటిని ఫోనులో ఎక్కిస్తుంది. గుడ్డ నిక్కరు లేదు, మట్టికుండ లేదు, మిరపకాయల ఘాటు లేదు. మెట్ల మీద ఆడపిల్లలెవరూ అచ్చనగాయలు ఆడడం లేదు. గ్రేసమ్మ టీచరు పోయి మూడేళ్లయింది. దూలానికి కొక్కెం మాత్రం ఉంది, సున్నం పొరల కింద.

"చలిగా ఉండాది గదా మేడమ్, చొక్కా ఉండనీండిలే" అంది కొత్త టీచరు, ఇరవై అయిదేళ్ల పిల్ల.

"లేదు తల్లీ, తీసే తూకం వెయ్యి" అన్నాను. అనిత నన్ను ఎగాదిగా చూసింది.

ఇంతలో అమ్మ సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. రేషన్ కార్డుతో పాటు దాచుకున్న అనిత పాత కార్డు, తల్లి ఆ వయసులో ఎంత బరువుందో, కొడుకు ఎంతున్నాడో పోల్చుకోవాలని తెచ్చింది. నేను ఆ కార్డును ఎప్పుడూ తెరవలేదు, ధైర్యం చాలక. నిన్న తెరిచాను. పసుపుపచ్చ దారిలో ఆ దొంగ చుక్క అలాగే ఉంది. టీచరు దాన్ని చెరపలేదు. చుట్టూ సున్నా చుట్టి, పక్కన సన్నటి అక్షరాలతో రాసింది: "తూకం తప్పు నాది." కింద సంతకం.

కొత్త టీచరు దగ్గర పెన్ను అడిగి తీసుకున్నాను. ఆ అక్షరాల కింద, "టీచరుది కాదు, నాది" అని రాసి, పద్దు అని నా పేరు పెట్టాను.

"ఏం రాస్తాండావే ఆడ?" అంది అమ్మ. ఆమెకు చదువు రాదు.

అక్కడే, ఆ బల్ల దగ్గరే నిలబడి చెప్పాను. రాళ్లు, కుట్లు, జలుబని ఆడిన అబద్ధం, తనిఖీ మేడమ్ ముందు మూసుకున్న నా నోరు. అనిత బిడ్డను గుండెకు హత్తుకుని కదలకుండా వింది. అమ్మ నా వైపు చూడలేదు. దూలానికున్న ఆ కొక్కేన్నే చూసింది.

"ముప్పై ఏండ్లు మన వీధిలోనే తిరిగినాదే ఆ యమ్మ," అంది, "మనింట్లో కూసోని నా చేతి నీళ్లు తాగినాది. నాతో ఒక్క మాట అనకపోయెనే!"

అని కొంగుతో కార్డును తుడిచి, మళ్లీ కవరులో పెట్టుకుంది.