వాన వెలిస్తే తుమ్మే మనిషి

హెర్వే కిల్లివిక్ బంగారం లాంటి మనిషి, ఒక్క తుమ్ము విషయంలో తప్ప. ఏడాది పొడవునా ఆయనకు జలుబంటే ఏమిటో తెలియదు. జనవరి ఈదురుగాలిలో చొక్కా గుండీలు విప్పుకుని రేవంతా తిరుగుతాడు. మిరియాల మూటలో మొహం పెట్టించినా ముక్కు చిట్లించడు. కానీ ప్రతి నెలా మొదటి ఆదివారం మధ్యాహ్నం, దువార్నెనే రేవులోని చిన్న సినిమా హాల్లో, ఒకే సినిమాలో, ఒకే సీనులో, తెర మీద వాన వెలిసిన క్షణాన తుమ్ముతాడు. ఒకటి తుమ్మి ఊరుకునే రకం కాదు. వరసగా మూడు తుమ్మి, ఆపైన గళ్ళ రుమాలు తీసి బాకా ఊదినట్టు ముక్కు చీది, అప్పుడుగానీ సద్దుమణగడు.

తుమ్మంటే మీరూ నేనూ తుమ్మే తుమ్ము కాదు. ఆయన లైట్‌హౌసులో పొగమంచు సైరన్ మోగించే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. సైరన్ అక్కడే వదిలేసి, శబ్దం మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడని ఊళ్ళో అంటారు. ఓసారి ఆ తుమ్ము విని, మంచు కమ్మిందనుకుని, రేవులోకి వస్తున్న సార్డీను చేపల పడవ ఒకటి వెనక్కి తిరిగిపోయిందని చేపల మార్కెట్లో ఒట్టేసి చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఎదుటివాడు తుమ్మితే దీవించడం అక్కడి మర్యాద. మొదటి తుమ్ముకి "నీ కోరికలు తీరాలి" అనాలి. రెండోదానికి "నీ ప్రేమలు పండాలి" అనాలి. మూడోదానికి "కలకాలం నిలవాలి" అనాలి. హెర్వే పుణ్యమా అని ఆ హాల్లో మర్యాద ఎప్పుడో అరిగిపోయింది. మొదటి తుమ్ముకి "అబ్బా!" అంటారు. రెండోదానికి "మళ్ళీనా!" అంటారు. మూడోదానికి ఎవరో ఒకరు టోపీ విసురుతారు. ఆయన ఆ టోపీ ఏరి, దుమ్ము దులిపి, బయటికెళ్ళేటప్పుడు ఎవరిది వాళ్ళకు ఇచ్చేస్తాడు.

ఈ తుమ్ముల వల్ల నిద్రపట్టని మనిషి హాలు మేనేజరు మాయెల్. నాంత్ నగరం నుంచి వచ్చి మూడేళ్ళయింది. వచ్చిన నెలలోనే ఆ సినిమా చూసి మనసు పారేసుకుంది.

పారేసుకోదగ్గ సినిమానే. పేరు "వాన వెలిసేలోపు". నలుపు తెలుపు రోజుల్లో, ఆ ఊళ్ళోనే, చిన్న వేషాలకు ఊరివాళ్ళనే పెట్టి తీశారు. ముగ్గురు దొంగలు సార్డీను ఫ్యాక్టరీ ఖజానా పగలగొడుతుంటారు. బయట కుండపోత. ఆ వాన హోరులో వాళ్ళ సుత్తి దెబ్బలు ఎవరికీ వినపడవు. ఇంకొక్క దెబ్బ వేస్తే తలుపు ఊడుతుందనగా వాన టక్కున ఆగిపోతుంది. పెద్ద దొంగ వేలు పైకెత్తుతాడు. అంతే, సంగీతం లేదు, మాట లేదు, ఊపిరి కూడా లేదు. కిటికీలోంచి చూస్తే కింద తడిసిన సందులో ఎవడో సైకిలు నడిపించుకుంటూ, చంకలో రొట్టెతో పోతుంటాడు. ఆగి ఆకాశం కేసి చూస్తాడు. ఆ చూపు కిటికీ మీద పడితే దొంగలు దొరికిపోయినట్టే. ఎవరు ద్రోహం చేస్తారో, ఎవరు చస్తారో ఊళ్ళో బడిపిల్లల దగ్గర్నుంచి అందరికీ కంఠతా వచ్చు. అయినా ఆ సీనులో ప్రతివాడూ కుర్చీ చేతులు పట్టుకుని, ఈసారైనా బయటపడతారేమో అని చూస్తాడు. అన్నేళ్ళ నుంచీ హాలు నిండేది అందుకే.

సరిగ్గా అక్కడే, "హా... హా... హాచ్ఛ్!"

మాయెల్ పట్టిందంటే వదిలే పిల్ల కాదు. ముందు దగ్గు బిళ్ళలు ఇచ్చింది.

"ఎలా ఉన్నాయి తాతా?"

"అమోఘం. నిమ్మకాయవి ఇంకో గుప్పెడు పడెయ్."

వాన వెలిసింది. తుమ్ము వచ్చింది, నిమ్మకాయ వాసనతో.

కుర్చీలో దుమ్ముందేమోనని దాన్ని ఉతికి, ఆరేసి, మళ్ళీ బిగించింది. ఆయన కొత్తగా ఉందని మురిసిపోయి, హాయిగా చేరబడి తుమ్మాడు. గోడకి "ఇక్కడ తుమ్మరాదు" అని బోర్డు పెట్టింది. ఆయన దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. చివరికి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు దీపం వేసి చూసి, "ఇంత ఆరోగ్యమైన ముక్కు నా సర్వీసులో చూడలేదమ్మా, కాలేజీ పిల్లలకు చూపించాలి" అన్నాడు.

"మరెందుకు తుమ్ముతారు తాతా? ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ నిశ్శబ్దం నన్ను విననివ్వరా?"

"మంచి సినిమా అంటే ముక్కుకెక్కాలి అమ్మాయీ," అన్నాడు హెర్వే.

మిషను ఆపరేటరు జిల్దాని సాయమడిగితే అతను రీలు తుడుచుకుంటూ, "పోనిద్దూ, ఆయన ముక్కు ఆయనిష్టం" అనేవాడు. ఊళ్ళో పుట్టినవాళ్ళంతా ఇంతేనని మాయెల్ పళ్ళు నూరుకునేది.

హెర్వేకి శిక్ష పడలేదని కాదు. ఆయన కుర్చీకి ముందు వరసలో ఒదీల్ టీచరమ్మ కూర్చుంటుంది. ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి. క్లాసులో గుసగుస వినిపిస్తే బెంచీ ఎక్కించేది. ఇప్పుడు చెవుడు. వినికిడి మిషను పెట్టుకోమంటే, "నాకేం చెవుడు లేదు, మీకే గొంతులు లేవు" అని కసురుతుంది. ఆమెకు కూడా స్పష్టంగా వినపడే శబ్దం ఊళ్ళో ఒక్కటే, హెర్వే తుమ్ము. అందుకని ప్రతి నెలా ఉల్లిపాయా, వామాకు లాంటి థైమూ, యాపిల్ సైడరు వెనిగరూ కలిపి కాచిన కషాయం సీసాలో పోసి తెచ్చి, ఆట అయ్యాక గుమ్మం దగ్గర ఆయన్ని ఆపుతుంది.

"తాగు."

"తగ్గింది టీచరమ్మా..."

"నీకు తగ్గిందో లేదో నేను విన్నాను. తాగు. చివరి బొట్టు దాకా."

ఆయన కళ్ళు మూసుకుని గటగటా తాగేవాడు. మొహం నిమ్మతొక్కలా ముడుచుకుపోయేది. మాయెల్ అది చూసి, దేవుడున్నాడు అనుకునేది.

ఇలా ఉండగా హాలు యజమాని కబురు పెట్టాడు. పైకప్పు కారుతోంది, బాగుచేయించే ఓపిక లేదు, హాలుని పడవల గోదాముకి ఇచ్చేస్తానన్నాడు. మాయెల్ కాళ్ళా వేళ్ళా పడితే ఒక్క దారి చూపించాడు. పాత నేరకథా సినిమాలకు ఏటేటా ఉత్సవం చేసే సంఘం ఒకటి పారిస్‌లో ఉంది. ఈ ఏడు ఏ ఊళ్ళో చేయాలో వెతుకుతున్నారు. వాళ్ళ పెద్ద మదాం వాసెర్ మొదటి ఆదివారం వచ్చి చూస్తుంది. ఆమెకు నచ్చితే హాలు ఉంటుంది, లేకపోతే పడవలొస్తాయి. ఆవిడ ఉత్తరంలో రాసిన ముక్క ఒక్కటే: "ఆ సీను, ఆ ఊళ్ళో, ఆ నిశ్శబ్దంలో వినాలని వస్తున్నాను."

మాయెల్ ఆ రోజే వెళ్ళి హెర్వే తలుపు కొట్టింది.

"తాతా, ఈ ఒక్క ఆదివారం మీరు మిషను గదిలో కూర్చోవాలి. అద్దం వేసి ఉంటుంది, ఎంత తుమ్మినా బయటికి రాదు."

"కుదరదు. నా కుర్చీ నాది."

"హాలు పోతుంది తాతా!"

"పోతుందా? అంటే... సినిమా కూడానా?"

"సినిమా, కుర్చీ, మీరు, నేను, అన్నీ!" అంటూ పట్టుదల గల ఆ పిల్ల గుమ్మంలోనే భోరుమంది.

హెర్వే ముక్కు గోక్కున్నాడు. కిటికీలోంచి ఎదురింటి కేసి చూశాడు. ఎదురిల్లు టీచరమ్మది. తలుపు మీద చెక్కలో చెక్కిన రెండు పేర్లు, ఫాంచ్, ఒదీల్, ఏటేటా కొత్త రంగు పడుతూ అలాగే ఉన్నాయి.

"సరే, వెళ్తాను. ఒక షరతు. నా కుర్చీలో నువ్వు కూర్చోవాలి."

"నేనా? నేనెప్పుడూ వెనకాల గోడ దగ్గర నిలబడతాను కదా."

"ఈసారి కూర్చో. అక్కడ ఏం విన్నా, ఏం చేయాలో నీ ఇష్టం. నేనేం అనను."

ఆదివారం వచ్చింది. హాలు కిటకిటలాడింది. మదాం వాసెర్ సన్నగా, నిటారుగా, గొడుగు మింగినట్టుగా ఉంది. మాయెల్ ఆమెను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ముందు వరసలో టీచరమ్మ, ఒళ్ళో కషాయం సీసా. దీపాలు ఆరాయి. తెర మీద వాన మొదలైంది. సుత్తి పడింది. మాయెల్ గుండె అంతకంటే గట్టిగా పడింది.

వాన ఆగింది. పెద్ద దొంగ వేలెత్తాడు.

నిశ్శబ్దం! మూడేళ్ళుగా మాయెల్ కలలు కన్న నిశ్శబ్దం. గెలిచాను అనుకుంది. తెర మీద సందులోకి సైకిలు మనిషి వచ్చాడు.

"ఫాంచ్!" అంది ఒక గొంతు, బడిలో హాజరు పిలిచినట్టు. "ఫాంచ్, కాలరు ఎత్తుకో నాయనా. మళ్ళీ వాన పట్టేట్టుంది. రొట్టె తడుస్తుంది చూడు."

మాయెల్ బిగుసుకుపోయింది. టీచరమ్మ! లోపల్లోపల గొణుక్కుంటున్నాననుకుంటోంది కాబోలు, హాలంతా మోగిపోతోంది. పెళ్ళయిన రెండో చలికాలం పడవతో సహా సముద్రం మింగేసిన మొగుడు, సైకిలు పట్టుకుని, పాతికేళ్ళ వయసులో, తెర మీద ఆకాశం కేసి చూస్తున్నాడు.

"పిల్లి ఈనింది. కిటికీలకు నీలం రంగే వేయించాను, నీకిష్టమని. నా మోకాలి సంగతి అడగకు..."

మదాం వాసెర్ తల తిరిగింది. వెనక ఎవరో కుర్రాడు కిసుక్కున నవ్వబోతున్నాడు. ఎవరో "ష్..." అనడానికి ఊపిరి పీలుస్తున్నారు. ఆమె వెనక్కి తిరిగి ఆ నవ్వు మొహాలు చూసిందా, గుసగుసలాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన ఆ మనిషి సిగ్గుతో చచ్చిపోతుంది. మళ్ళీ ఈ గడప తొక్కదు. నెలకోసారి మొగుణ్ణి చూసుకునే ఆ కాస్త భాగ్యమూ పోతుంది. ఎన్నేళ్ళుగా ఎన్ని టోపీలు తగిలించుకున్నాడు ఆ పెద్దాయన!

ఉత్సవం, హాలు, పైకప్పు అన్నీ మాయెల్ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. తిరిగితే తిరిగాయని నోరు తెరిచింది.

"ఆ... చ్ఛీ!"

పిల్లిపిల్ల తుమ్ములా వచ్చింది. చాల్లేదు. ఊపిరంతా బిగబట్టింది.

"హా... ఆచ్ఛీ!"

అప్పటికీ టీచరమ్మ గొంతే పైన ఉంది. "చేపల ధరలు మండిపోతున్నాయి ఫాంచ్..."

మిషను గది అద్దం ధడేల్మని తెరుచుకుంది. జిల్దా పక్కకి తప్పుకున్నాడు. ఆ కిటికీలోంచి సైరన్ మోగింది.

"హా... హా... హాచ్ఛ్!"

పైకప్పు నుంచి సున్నం రాలింది. తెర మీద సైకిలు మనిషి కాలరు సర్దుకుని, సందు మలుపు తిరిగి వెళ్ళిపోయాడు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుని, వెనక్కి తిరిగి, ఎర్రబడ్డ ముక్కుతో కూర్చున్న మాయెల్‌ని చూసి, "కలకాలం నిలవాలి," అంది. ఆ తర్వాత కనుబొమ్మలు ముడిచి, "నోటికి రుమాలు అడ్డం పెట్టుకో పిల్లా, నీకెవరు నేర్పారు?" అని కసిరింది.

ఆట అయ్యాక మాయెల్ తల వంచుకుని మదాం వాసెర్ ముందు నిలబడింది. "క్షమించండి. మీరు విందామని వచ్చిన నిశ్శబ్దం..."

"విన్నాను," అంది మదాం వాసెర్. గొడుగు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. "ఈ సినిమా గురించి నేను పుస్తకం రాశాను. ఇన్నేళ్ళూ ఆ సీను చూసి, ఆ దొంగలు ఏమైపోతారోనని ఊపిరి బిగబట్టానే గానీ, సైకిలు మనిషి ఎవరో నాకు పట్టలేదు. ఉత్సవం ఇక్కడే చేద్దాం. నాకు సీటు మాత్రం ఆ తుమ్ముల వరసలో వెయ్యండి."

ఆ మాట అంటూ ఆవిడ కూడా ఓ రుమాలు తీసి, అవసరం లేకపోయినా, ముక్కు చీదింది.

గుమ్మం దగ్గర టీచరమ్మ కాపు కాసి ఉంది. హెర్వేని వదిలేసి సీసా మాయెల్ చేతిలో పెట్టింది.

"అంటించాడు కదూ నీకు? తాగు."

"నాకు తగ్గింది టీచరమ్మగారూ..."

"నీకు తగ్గిందో లేదో నేను విన్నాను. చివరి బొట్టు దాకా."

హెర్వే మాయెల్ చెవి దగ్గరికి వంగి, "ముక్కు మూసుకుని మింగెయ్. ఏడాది తిరిగేసరికి అలవాటవుతుంది," అన్నాడు.

మరుసటి నెల మొదటి ఆదివారం "ఇక్కడ తుమ్మరాదు" బోర్డు కనిపించలేదు. టీచరమ్మ వెనక వరసలో ఇద్దరు పక్కపక్కన కూర్చున్నారు, ఒళ్ళో చెరొక రుమాలు పరచుకుని. తెర మీద వాన సన్నబడింది.

"ముందు మీరా, నేనా?" గుసగుసగా అడిగింది మాయెల్.

"మొదటిది నాది, రెండోది నీది," అన్నాడు హెర్వే. "మూడోది కలిసి వేద్దాం. మరీ తొందరపడకు, ఇవాళ ఆవిడకి చెప్పడానికి చాలా ఉంది. పిల్లిపిల్లలు కళ్ళు తెరిచాయట."