ఎండింది వేరు, చచ్చింది వేరు

మా మేడం పోయారన్న కబురు కాలేజీ స్టాఫ్‌రూమ్ ఫోన్‌కి వచ్చింది. చేసింది అంకుల్, ఆవిడ భర్త. "తెల్లారగట్ల పోయిందమ్మా. నిద్రలోనే. విశాఖ నుంచి అమ్మాయి రావాలి, రేపు పొద్దున్నే తీసుకెళ్తాం. నువ్వు క్లాసులు చూసుకునే రా. మానేసి వస్తే తనకి నచ్చదు" అన్నారు. ఫోన్ పెట్టేసి అక్కడే కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఏడాదిగా ఆవిడ జబ్బు చూసి చూసి అందరం అలిసిపోయి ఉన్నాం.

ఆవిడ మాకు వృక్షశాస్త్రం చెప్పేవారు. మా కాలేజీ ఢిల్లీ దక్షిణాన, ఆరావళి కొండల తోక వచ్చి ఆగిన చోట ఉంటుంది. వెనక గోడకీ బస్సు డిపోకీ మధ్య రాళ్లూ ముళ్లపొదలూ ఉన్న కాస్త నేల ఉంది. శనివారం వచ్చిందంటే ఆవిడ మమ్మల్ని అక్కడికి తోలుకుపోయేవారు. చేరిన మొదటి వారమే ఒక్కొక్కరికీ ఒక్కో చోటు చూపించేవారు, డిగ్రీ అయ్యేదాకా అదే చోటు. అక్కడ ఊరికే కూర్చుని చూడాలి. సెమినార్లకి వెళ్లాల్సిన మనిషి పిల్లల్ని రాళ్లమీద కూర్చోబెడుతోందని తోటి లెక్చరర్లు నవ్వుకునేవారు.

నాకు డిపో గోడకి ఎదురుగా ఒక రాయి దొరికింది. కరోల్ బాగ్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేదాన్ని, ఆ రాయి మీద కునుకు బాగా పట్టేది. "నాకేం కనపడలేదు మేడం" అన్నాను మొదటి నెలంతా. తిడతారనుకున్నాను. "అచ్ఛా. కనపడలేదని నిజం చెప్పావు, సంతోషం. వచ్చే శనివారం కూడా అక్కడే కూర్చో" అన్నారు. ఆ చలికాలం పోయి ఎండ తిరిగాక, నా రాయికి బారెడు దూరంలో కంకర మీద కంకర రంగులోనే గుడ్లు కనపడ్డాయి. టిటహరీ అని ఇక్కడివాళ్లు పిలిచే పొడుగుకాళ్ల పిట్టవి. నేను కాళ్లు చాపుకుని కునుకు తీసే చోటే అది. ఆ రోజు నుంచి నాకు నిద్ర రాలేదు. పరీక్ష ఫలితాల కోసం కూడా అంత ఆత్రంగా ఎదురు చూసి ఎరగను.

ప్రతి బ్యాచ్‌కీ ఆవిడ మొదటి పాఠం ఒకటే. అది ఆవిడ చేసిన తప్పు. కొత్త పిల్లల్ని ఒక మోడు దగ్గర నిలబెట్టి చెప్పేవారు. "మాది కాకినాడ. కాలవ గట్ల మధ్య పెరిగినదాన్ని. పచ్చగా ఉంటే బతికినట్టు, లేకపోతే చచ్చినట్టు, అంతే తెలుసు నాకు. కొత్తగా వచ్చిన ఏడు, మార్చిలో, ఇక్కడున్నవన్నీ ఎండిపోయాయనుకుని పిల్లలచేత శ్రమదానం పెట్టించి నరికించాను. గులాబీలు వేద్దామని. అవి ధౌ చెట్లు. మన వైపు చిరుమానుకి చెల్లెలి వరస. వసంతంలో ఆకు రాల్చి ఊరుకుంటాయి, వానకి లేస్తాయి. వాన వచ్చింది. లేవడానికి అవి లేవు." తర్వాత మిగిలిన ధౌ కొమ్మనొకదాన్ని బొటనవేలి గోటితో గీరేవారు. బూడిదరంగు బెరడు కింద పచ్చగా తడి కనపడేది. "ఎండింది వేరు, చచ్చింది వేరు. గీరి చూడకుండా తీర్పు చెప్పకండి" అనేవారు. ఆవిడ గోటి కింద ఆ పసరు నల్లబడి ఎప్పుడూ ఉండేది. పెళ్లిళ్లకి పట్టుచీర కట్టుకున్నప్పుడు కూడా, మంచం పట్టాక నేను తీసుకెళ్లిన కొమ్మలు గీరేటప్పుడు కూడా.

మహానుభావురాలు అనను, వింటే ఆవిడే కోప్పడతారు. చాదస్తం ఎక్కువ. నడుస్తూ నడుస్తూ గడ్డిపోచ దగ్గర ఆగిపోతే వెనక ఎవరున్నారో గుర్తుండేది కాదు. క్యాంటీన్ సమోసా తిని నూనె చేతులు కొంగుకి తుడిచేసుకునేవారు. ప్రతి ఏడూ ఆ నేల కోసం ఎవరో ఒకరితో వాదించేవారు. ఒకసారి స్కూటర్ స్టాండు కోసం, ఒకసారి షామియానా సామాను పెట్టుకోడానికి కాలేజీవాళ్లు దాన్ని అడిగారు. వాదించి వచ్చి స్టాఫ్‌రూమ్‌లో చెప్పులు విడిచి కాళ్లు బల్లకింద చాపుకునేవారు. గెలిచిన రోజూ ఓడిన రోజూ ఆ మొహం ఒకలాగే ఉండేది.

ఇప్పుడు అదే కాలేజీలో నేను అడ్‌హాక్ లెక్చరర్‌ని. ప్రతి ఏడూ ప్రిన్సిపాల్ గారి సంతకం పడితేనే నా ఉద్యోగం. మేడం మంచం పట్టాక శనివారాలు నా నెత్తిన పడ్డాయి. పోయిన నెల ఫరీదాబాద్‌లో వాళ్లింటికి వెళ్లి, ప్రిన్సిపాల్ గారు ఆ నేల చదును చేసి లాన్ వేస్తామంటున్నారని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది అనిపించింది, కానీ ఆవిడకి కాక ఎవరికి చెప్పను? "చాలా వాదించానమ్మా నేను. అలిసిపోయాను. నువ్వూ అలిసిపోతావు. మాటలు పెట్టుకోకు. గీరి చూపించు, చాలు" అన్నారు. సరేనని అనలేదు నేను. ఇంటి అద్దె, మా అమ్మ మందులు, అన్నీ ఆ సంతకం మీదే ఉన్నాయి.

కబురు వచ్చిన రోజు మధ్యాహ్నమే సంతాపసభ పెట్టారు. ప్రిన్సిపాల్ గారు మంచిగానే మాట్లాడారు. చివర్లో, వెనక నేలలో వేయబోయే లాన్‌కి ఆవిడ పేరే పెడదామని, అదే మనం ఇచ్చే నివాళి అని ప్రకటించారు. అందరూ తలలూపారు. ఎవరు లేపారో తెలియదు, లేచి నిలబడ్డాను. "సర్, మౌనం అక్కడే పాటిద్దాం. ఆవిడ పాఠం చెప్పిన చోట" అన్నాను. కూర్చోకుండా తలుపు వైపు నడిచాను.

కాదనలేక అందరూ వచ్చారు. మార్చి ఎండలో ధౌ చెట్లన్నీ ఒక్క ఆకు లేకుండా ఉన్నాయి. ఈ ఏడే చేరి, మేడం పాఠం వినని తెలుగమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, "యే సబ్ తో మర్ గయా, మేడం" అంది జాలిగా. అన్నీ చచ్చిపోయాయని. ప్రిన్సిపాల్ గారు కూడా అదే అన్నట్టు నా వైపు చూశారు.

నేను ఒక కొమ్మ గీరి ఆ పిల్లకి చూపించాను. ఆ పిల్ల ఇంకోటి గీరింది. చూస్తుండగానే పిల్లలందరూ పొదల్లోకి పోయి గీరుతున్నారు. మౌనం పాటించమన్నది ఎవరికీ గుర్తు లేదు. ప్రిన్సిపాల్ గారు కాసేపు నిలబడి, ఆయనా ఒక కొమ్మ వంచి బొటనవేలితో గీరారు. తడి చూసి వేలు రుమాలుకి తుడుచుకున్నారు. "ఠీక్ హై. బారిష్ తక్ దేఖ్తే హైఁ" అన్నారు, వానలదాకా చూద్దామని. నాతో మాట్లాడకుండా వెళ్లిపోయారు. అంతే దొరికింది మాకు, వానలదాకా గడువు. నా సంతకం సంగతి జూలైలో గానీ తెలియదు. వానలు కూడా అప్పటికే రావాలి.

సాయంత్రం బస్సులో నిలబడే ఫరీదాబాద్ వెళ్లాను. ముందు గదిలో మేడంని పడుకోబెట్టారు. అంకుల్ నన్ను చూసి, "క్లాసు చెప్పే వచ్చావా?" అన్నారు. చెప్పే వచ్చానన్నాను. ఎవరో ఆవిడ చేతులు శుభ్రంగా కడిగి గుండెల మీద పెట్టారు. బొటనవేలి గోరు తెల్లగా ఉంది. ఆ గోటిని అలా నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఇంటికొచ్చి తలస్నానం చేశాను. చావింటి నుంచి వచ్చావు, గోళ్లు కూడా రుద్దుకోవే అని అమ్మ తలుపవతల నుంచి చెబుతూనే ఉంది. రుద్దుకున్నాను. దీపం దగ్గర చూసుకుంటే బొటనవేలి గోటి కింద ఆ పచ్చ చార అలాగే ఉంది.