ఎడమకాలి మీద ప్రసన్నకుమారి

ఆత్మకూరు డిపోలో కండక్టర్ ప్రసన్నకుమారి అంటే తెలియనివాళ్లు లేరు. ఉదయగిరి రూటులో ఎంత కిక్కిరిసిన బస్సయినా సరే, కమ్మీ ముట్టుకోకుండా, ఒక చేత్తో టికెట్ మిషను, ఇంకో చేత్తో చిల్లర, నోట్లో విజిల్ పెట్టుకుని నిలబడే మనిషి. అట్లాంటిది ఇప్పుడు స్నానాల గదిలో కూడా గోడ పట్టుకుని నడుస్తోంది.

పోయిన వానాకాలంలో బస్సు వెనక మెట్టు మీద జారి పడితే ఎడమకాలి చీలమండ విరిగింది. ఎముక అతుక్కుంది, డ్యూటీ చేయొచ్చని డాక్టరు రాసిచ్చాడు కూడా. భయం మాత్రం పోలేదు, అందుకే ప్రస్తుతానికి డిపో ఆఫీసులోనే పని. డిపో మేనేజరు మంచివాడు. "ఆఫీసులోనే ఉండిపోతావా, మళ్లీ బస్సెక్కతావా? సోమవారం లోపల చెప్పమ్మా" అన్నాడు. ఫ్యాను కింద కుర్చీ, సాయంత్రానికల్లా ఇల్లు. ఎవరైనా ఎగిరి గంతేసే మాటే. ఈమెకేమో ఏడుపొచ్చింది. ఆ కుర్చీలో ఒకసారి స్థిరపడితే ఇక బస్సు ముఖం చూడలేనని ఆమెకు తెలుసు.

అందుకే తనకు తానే ఒక పరీక్ష పెట్టుకుంది. రిటైరైన డ్రిల్లు మాస్టారు నారాయణయ్య పొద్దున్నే స్కూలు గ్రౌండులో యోగా నేర్పుతాడు. అక్కడ వృక్షాసనంలో ఎడమకాలి మీద నిలబడగలిగితే బస్సు, లేకపోతే కుర్చీ.

చూడటానికి ఆ ఆసనంలో ఏమీ లేదు. ఒక పాదం ఎత్తి రెండో తొడకు లోపలివైపు ఆనించాలి, చేతులు తలపైన జోడించాలి, కదలకుండా నిలబడాలి. కుడికాలి మీద బ్రహ్మాండంగా వచ్చింది. ఎడమకాలి వంతు వచ్చేసరికి ఊగిపోయి, పక్కన ఉన్న ప్రమీలమ్మ భుజం పట్టుకునేది. ఆ పెద్దావిడ మోకాళ్ల నొప్పులకని వచ్చి ఈమెకు గుంజగా పనికొచ్చింది.

"చూపు ఒకచోట పెట్టమ్మా. ఆ గేటు తాళం చూడు. చూపు నిలిస్తే కాలూ నిలస్తాది" అనేవాడు మాస్టారు.

ఆమె తాళాన్నే చూసేది. అంతలో ఎవరో గేటు తోసుకుని వచ్చేవారు. కళ్లు అటు పరుగెత్తేవి. ముందు డోరు, వెనక డోరు, నడుమ టికెట్ తీసుకోకుండా కిటికీలోంచి బయటికి చూసే మహానుభావులు. ఇన్నేళ్లూ వాటి మధ్యే తిరిగిన కళ్లు తాళం దగ్గర నిలబడమంటే నిలబడతాయా?

"ఏందమ్మా, మమ్మల్ని లెక్కబెడతుండావా?" అన్నాడు మాస్టారు ఒకరోజు. అందరూ నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. శనివారం కూడా ఆసనం నిలవలేదు. సరే, ఇక కుర్చీయే అనుకుంది.

ఆదివారం అమ్మను చూడటానికి ఉదయగిరి బస్సెక్కింది. ఇదివరకు తనతో డ్యూటీ చేసిన శీనయ్యే డ్రైవరు. సీటు దొరికింది. ఏఎస్ పేటలో దర్గాకు వచ్చిన జనం బిలబిలమంటూ ఎక్కారు. ఒక ముసలమ్మ ఆయాసపడుతుంటే ప్రసన్నకుమారి ఆలోచించకుండా లేచి తన సీటిచ్చింది. అంతలో రెండు చేతుల్లోనూ సంచులున్న పిల్లతల్లి ఒకామె, "అక్కా, రవ్వంత పట్టుకో" అంటూ చంకలోని పసిబిడ్డను ఆమె చేతుల్లో పెట్టేసింది.

ఊరు దాటాక రోడ్డుకు అడ్డంగా గేదెలు వచ్చాయి. శీనయ్య బ్రేకు తొక్కాడు. బస్సంతా ముందుకు తూలింది, మనుషులు ఒకరి మీద ఒకరు పడ్డారు.

"వెనక డోరు కాడ అందరూ ఉండారా? ఎవురికీ దెబ్బ తగల్లేదు గదా?" అని ప్రసన్నకుమారి కేకేసింది.

"ఉండారు మేడం, ఎవురికీ ఏం కాలేదు" అన్నాడు ఆ రోజు కండక్టర్ తిరుపాలు, కిందపడ్డ మిషను వెతుక్కుంటూ.

అప్పుడు కిందికి చూసుకుంది. కుడిపాదం సీటు కింద కడ్డీ మీద ఊరికే ఆనుకుని ఉంది. బరువంతా ఎడమకాలి మీదే. నడుము దేనికీ ఆనలేదు. చేతుల్లో బిడ్డ నిద్రపోతూనే ఉంది. ఇంతసేపూ కాలు సంగతే ఆమెకు గుర్తు రాలేదు. కన్నీళ్లు జారి బిడ్డ చొక్కా మీద పడ్డాయి.

శీనయ్య అద్దంలో చూశాడు. "ఏంది మేడం, ఏడస్తుండావా?"

"నువ్వు రోడ్డు చూడన్నా" అంది.

ఉదయగిరిలో దిగీ దిగగానే మేనేజరుకు ఫోన్ చేసింది.

సోమవారం ఖాకీ చొక్కా వేసుకునే గ్రౌండుకు వచ్చింది. ఎడమకాలి మీద నిలబడింది. తాళాన్ని చూసింది. గేటు చప్పుడైంది. కళ్లు అటు పోయాయి, కాలు ఊగింది, ప్రమీలమ్మ అలవాటుగా భుజం అందించింది.

"ఈ రోజు కూడా రాలేదే" అని మాస్టారు నొచ్చుకున్నాడు.

"రాలేదు సార్. రేపు చూద్దాం. ఉదయగిరి బస్సుకు టైమైపోయినాది" అని నవ్వుతూ చెప్పులేసుకుంది.

బస్టాండులో శీనయ్య ఇంజను స్టార్ట్ చేసి కూర్చుని ఉన్నాడు. రాత్రి కురిసిన వానకు వెనక మెట్టు ఇంకా తడిగానే ఉంది. ప్రసన్నకుమారి దాని మీద ఎడమకాలే ముందు పెట్టి ఎక్కి, విజిల్ ఊదింది.