ఏ భాష ముందు?

కొలతలు చెబితే కత్తిరింపు గీతలు దానంతట అదే గీసిపెట్టే కంప్యూటర్ ప్రోగ్రాం రాయాలని దర్జీ బాబాయ్‌కి ఏడాదిగా ఒకటే ఆరాటం. బట్టలు కుట్టించుకోవడానికి ఎవరొచ్చినా సరే, పెదాల మధ్యనున్న గుండుసూది తీసి కాలరుకు గుచ్చుకుని, భుజం కొలుస్తూ అడిగేస్తాడు: "ముందు ఏ భాష పట్టుకోమంటారు?" ఒకరు పైథాన్ అంటారు. ఇంకొకరు జావా అంటారు. అన్నీ శ్రద్ధగా విని, కీబోర్డు మీద ఒక్క మీటైనా నొక్కకుండా మళ్ళీ టేపు మెడలో వేసుకుంటాడు.

నిన్న కూతురికి విసుగొచ్చింది. "నాన్నా, కుట్టుపని నువ్వు మొదట ఏ మిషను మీద నేర్చుకున్నావు?"

"ఏముందే, ఏది ఖాళీగా ఉంటే దాని మీదే."

అనేసి, కత్తెర ఆపి పక్కన పెట్టాడు. తర్వాత కూతురి కంప్యూటర్ ముందుకు కుర్చీ లాక్కున్నాడు.

"అయితే చూడవే, ఇందులో ఇప్పుడు ఏ భాష ఖాళీగా ఉందో!"