ఆరో సీసా

దెయ్యాలను నమ్మే అలవాటు నాకు లేదు. దినపత్రికలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. వింత వార్త తెచ్చిన విలేకరిని, "ఎవరు చూశారు, ఎన్ని గంటలకు, ఎంత దూరం నుంచి?" అని అడిగేవాణ్ని. మూడో ప్రశ్నకు వచ్చేసరికి చాలా వార్తలు చెత్తబుట్టలో పడేవి. ఇదీ అలాగే పడేది, చూసింది నేనే కాకపోతే.

మా అక్క కూతురు సరయు నెల్లూరు పిల్ల. పీహెచ్‌డీ అయ్యాక చెన్నైలో ఒక పరిశోధనా సంస్థలో పోస్ట్‌డాక్‌గా చేరింది. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రం గాలిలోని కార్బన్‌ని ఎంత మింగుతోందో లెక్క తేల్చడం ఆమె పని. షోళింగనల్లూరులో ఉంటుంది. ఆదివారాలు వాషర్‌మెన్‌పేట్‌లో మా ఇంటికి భోజనానికి వస్తుంది.

ఆ పని ఎలా చేస్తారో ఆమే చెప్పింది. ఓడ మీద, లోతు నుంచి తోడిన నీటిని గాజు సీసాల్లో నింపుతారు. నింపగానే ఒక్కోదాంట్లో కొన్ని చుక్కలు పాదరసపు విషం వేసి బిరడా బిగిస్తారు. నీటిలో కంటికి కనపడని ప్రాణి ఏదైనా బతికి ఉంటే అది ఊపిరి పీల్చి వదులుతూ కార్బన్‌ని పెంచుతుంది. నెలల తర్వాత చెన్నైలో కొలిస్తే లెక్క తప్పుతుంది. అందుకే ముందు అన్నిటినీ చంపేస్తారు. విషం వేసిన ప్రతి సీసాకూ పుస్తకంలో టిక్కు పెడతారు.

నిల్వలో నీరు మారడం లేదని రుజువు చేయడానికి ఒకే లోతు నుంచి ఆరు సీసాలు నింపుకొచ్చింది. నెలకొకటి తెరిచి కొలవాలి. ఆరూ ఓడ మీద తొలిరోజు కొలిచిన అంకే చూపాలి.

చూపలేదు. ప్రతి నెలా అంకె పెరిగింది. ఐదో సీసాకు వచ్చేసరికి, లోపల ఏదో బతికే ఉందన్నట్టుంది లెక్క.

విషం వేయడం మరిచిపోయి ఉంటావు అన్నాడు ఆమె పై అధికారి. ఆరింటిలో మరిచినదానివి మిగతావాటిల్లో వేశావని నమ్మేదెలా అని కూడా అన్నాడు. ఆ ప్రయాణంలో తెచ్చిన నీరంతా పారబోయాలి. ఉద్యోగమూ ఆ నెలతో సరి. సరయు ఐదు సీసాల్లో మిగిలిన నీటిని పరీక్ష చేయించింది. పాదరసం ఉంది. ఉండాల్సినంతా ఉంది. తర్వాత కలిపి ఉంటావు అన్నాడాయన.

ఆరోది తెరిచే రోజు నన్ను రమ్మంది.

"ఆడ అందరూ నా వైపో, ఆయన వైపో ఉంటారు మామా. నువ్వు చూసింది చూసినట్టు రాసివ్వు, చాలు."

"మేనమామ సాక్ష్యం ఎవరు నమ్ముతారే?"

"మా మామకు నేనంటే గిట్టదని చెప్తాలే."

ఉదయం పదకొండు గంటలు. గదిలో మాతో పాటు గాజు సామాను కడిగే కస్తూరమ్మ ఉంది. రాయపురం మనిషి. సీసాల పెట్టె బల్ల మీద పెడుతూనే మొదలుపెట్టింది.

"ఏం పాపా, ఊది మూత పెట్టినావా దీనికి? రెండు దినాలుగా చూస్తా ఉండా, లోపల ఆవిరి పడతా ఉండాది."

"ఏసీకి పట్టుంటుంది కస్తూరమ్మా."

"ఏసీకైతే ఈ ఒక్కదానికే పడతాదా? పక్కన ఉండేవి చూడు, నిగనిగలాడతా ఉండాయి. సారూ, మీరన్నా చెప్పండి."

వంగి చూశాను. సీసా మెడ దగ్గర నీటికీ బిరడాకీ మధ్య వేలెడు కూడా లేని ఖాళీ. అక్కడ గాజుకు లోపలివైపు పలచటి ఆవిరి. చూస్తుండగానే అది పోయి గాజు తేటపడింది. మళ్లీ పట్టింది. మళ్లీ పోయింది. ముఖం దగ్గరగా పెట్టుకున్న అద్దం మీద పట్టేలాంటి ఆవిరి.

వాచీ చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి నాలుగుసార్లు. ఐదు నిమిషాలు చూసినా తేడా రాలేదు. ఏసీ ఆపించాను. కిటికీ తెర వేయించాను. బల్ల అదురుతోందేమోనని చెయ్యి ఆనించాను. అదరడం లేదు.

సరయు బిరడా మీద చెయ్యి వేసింది. ఆవిరి వేగం పెరిగింది.

కస్తూరమ్మ గుడ్డ బల్ల మీద పెట్టేసి తలుపు దగ్గరికి వెళ్లింది. "వద్దు పాపా. అట్నే ఉండనీ."

సరయు బిరడా తిప్పింది. గాజు తేటపడి అలాగే ఉండిపోయింది.

మిషన్ సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని నీటిని కొలిచింది. ఓడ మీద తొలిరోజు వచ్చిన అంకే వచ్చింది. పై అధికారి వచ్చి కాగితం చూశాడు. ముందు ఐదూ మిషన్ పొరపాట్లు, నీ చేతిలో తప్పు లేదమ్మా అన్నాడు. ఉద్యోగం ఇంకో ఏడాది నిలిచింది. సరయు కుర్చీలో కూలబడి నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

నేను పెట్టె వైపు చూశాను. ఆరో సీసా పక్కది వేరే లోతు నుంచి తెచ్చింది. అంతవరకూ దానిలో ఏమీ లేదు. ఇప్పుడు దాని మెడలో ఆవిరి పట్టింది. పోయింది. పట్టింది. తలుపు దగ్గర నుంచి కస్తూరమ్మ కూడా దాన్నే చూస్తోంది. ఆ తర్వాత నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను.

అర పేజీ రాసి సంతకం చేశాను. సమయం, గదిలో ఉన్నవాళ్లు, బిరడా తీసిన తీరు, వచ్చిన అంకె. ఆవిరి గురించి ఒక్క మాట రాయలేదు. రాస్తే ఆ పెట్టె మొత్తం అనుమానంలో పడుతుంది. పిల్ల ఉద్యోగం పోతుంది. ఆ పూట అది సబబుగానే తోచింది. సరయు కూడా ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. పక్క సీసాను ఆమె చూడనే లేదు.

కస్తూరమ్మ ఆ వారంలోనే వేరే అంతస్తుకు మార్పించుకుందట. సరయు ఆ పెట్టెలోని సీసాలు ఒక్కొక్కటే తెరుస్తోంది. తెరిచినవన్నీ సరైన అంకే చూపిస్తున్నాయని సంతోషంగా చెబుతుంది. ప్రతిసారీ ఆ ఊపిరి మరో సీసాలోకి జరుగుతోందని నాకు అనిపిస్తుంది. నోరు తెరిచి చెప్పలేక ఇలా రాస్తున్నాను.

అదేమిటో నాకు ఈనాటికీ తెలియదు. పెట్టెలో ఇంకా మూడు సీసాలు ఉన్నాయట. అవి అయిపోతే, తలుపు మూసిన ఆ గదిలో ఊపిరి తీసుకునేదంటూ మిగిలేది సరయు ఒక్కతే.